మలివయసుకు భద్రత

బాల్య యౌవనాల వలె వార్ధక్యం కూడా మానవ జీవితంలో సహజమైన దశ. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై ఏండ్లు పైబడినవారు సుమారు 10.4 కోట్ల మంది. అంటే ప్రతి వందమందిలో దాదాపు తొమ్మిదిమంది వృద్ధులే. సమష్టి కుటుంబంలో వీరి సంరక్షణ ఇంటివారందరి బాధ్యతగా ఉండేది. కుటుంబాలు చిన్నవై, సంతానం దూరప్రాంతాలకు తరలిపోవడంతో ఆ బాధ్యతలో కొంత వృద్ధాశ్రమాలపై పడింది.

ఉత్తర తెలంగాణలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. 2016 అక్టోబరు వరకు కరీంనగర్ జిల్లాలో భాగంగా ఉన్న జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల నుంచి ఎందరో యువకులు బతుకుదెరువు కోసం గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. సిరిసిల్ల నేత కార్మికులు భీవండి, సూరత్ వంటి పట్టణాలకు వలసపోయారు. ఊళ్ళలో మిగిలిన పెద్దల శరీరాలపై వారు చేసిన వృత్తుల ముద్ర ఉంటుంది. సాంచాల మోత మధ్య పనిచేసినవారికి వినికిడి తగ్గవచ్చు. ఏండ్ల తరబడి వంగి కూర్చొని బీడీలు చుట్టిన స్త్రీలను నడుమునొప్పి, మెడనొప్పి వేధించవచ్చు. కాబట్టి సంరక్షణ అంటే అన్నం పెట్టి, నీడ చూపడం మాత్రమే కాదు. ఎవరి అవసరమేమిటో గుర్తించి సేవ చేయడం.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని పార్లమెంటు 2007లో ఆమోదించింది. దీని ప్రకారం తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. న్యాయవాది అవసరం లేదు. పోషణ చూస్తారన్న షరతుతో ఆస్తిని రాసి ఇచ్చిన తరువాత ఆ షరతు నెరవేరకపోతే, ఆ బదిలీని రద్దు చేయించుకొనే వీలుంది. వృద్ధులను పూర్తిగా వదిలివేసే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టడం శిక్షార్హమైన నేరం.

ఇదే చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమంతో ప్రారంభించి, 150 మంది నిరుపేద వృద్ధులకు వసతి కల్పించాలని భావించింది. అయితే ఆశ్రమాలను ప్రభుత్వం 'నెలకొల్పవచ్చు' అన్నదే తప్ప 'నెలకొల్పి తీరాలి' అనలేదు. అన్ని సంరక్షణ గృహాలకు నమోదును, కనీస ప్రమాణాలను తప్పనిసరి చేసే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చింది. అది ఆమోదం పొందకముందే 2024లో లోక్‌సభ రద్దు కావడంతో బిల్లుకు కాలం చెల్లింది. అందువల్ల ఆశ్రమంలో చేరేవారు, చేర్పించేవారు స్వయంగా పరిశీలించి తెలుసుకోవలసిన విషయాలు ఎన్నో ఉన్నాయి.

వృద్ధులకు జారిపడటం పెద్ద ప్రమాదం. తుంటి ఎముక విరిగితే మళ్ళీ లేచి నడవడం కష్టమవుతుంది. అందుచేత స్నానాల గదిలో నునుపైన బండలు ఉండరాదు. గోడలకు పట్టుకొనే కడ్డీలు, మెట్ల పక్కన ఏటవాలు దారి, రాత్రివేళ వెలుతురు ఉండాలి. మందులు ఒకరివి మరొకరికి మారకుండా ప్రతి ఒక్కరి పేరున పట్టిక రాయాలి. మంచం పట్టినవారిని రెండు మూడు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. ఈ పనులకు శిక్షణ పొందిన సిబ్బంది పగలే కాక రాత్రి కూడా అందుబాటులో ఉండాలి. అగ్నిప్రమాదం సంభవిస్తే నడవలేనివారిని ఎవరు, ఏ దారిన బయటకు చేర్చాలో ముందే నిర్ణయించుకోవాలి.

భద్రత పేరుతో స్వేచ్ఛను హరించడం కూడా తప్పే. గదికి బయటి నుంచి గడియ పెట్టడం, అదిలించి మాట్లాడటం, ఫోను చేయనీయకపోవడం సేవ అనిపించుకోవు. వినికిడి తగ్గినవారికి ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పాలి. తినే వేళను, కట్టుకొనే బట్టను వారే ఎంచుకోనివ్వాలి. ఫిర్యాదు చేస్తే బయటికి పంపుతారేమోనన్న భయంతో చాలామంది బాధను దిగమింగుకొంటారు. అటువంటివారు సలహాకు, సహాయానికి 14567 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

గల్ఫ్ నుంచి నెలనెలా డబ్బు పంపే కుమారుడు ఆశ్రమపు ఖర్చు భరించగలడు. కాని తండ్రి మందులు వేళకు వేసుకొంటున్నాడో లేదో విచారించడం, బంధువులను అప్పుడప్పుడు చెప్పకుండా పంపించి చూడమనడం కూడా అతని కర్తవ్యమే. ఎవరో ఒకరు వచ్చి చూస్తారన్న ఎరుక ఉన్నచోట నిర్లక్ష్యానికి తావు తగ్గుతుంది. ఒకనాడు కుటుంబాన్ని మోసిన చేతులు నేడు ఆసరా కోరుతున్నాయి. ఆ ఆసరాను దయగా కాక హక్కుగా అందించడమే నాగరిక సమాజ లక్షణం.