అందరూ చూస్తారు కదా మేడమ్!

బుధవారం రాత్రి అసైన్‌మెంట్ గడువు దగ్గరపడే వేళకి ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సుల ఫోరంలో సందడి మొదలవుతుంది. ‘సర్, సబ్మిట్ అవ్వట్లేదు’, ‘గడువు పెంచండి ప్లీజ్’, ‘మూడో ప్రశ్నకి కీ తప్పు’. పాఠం ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. భీమవరం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, మా పిల్లలు తీసుకునే ఈ కోర్సులకి మెంటరుగా ఉంటున్నాను. వాళ్లకి డౌట్లు లేవంటే నేనొప్పుకోను. ల్యాబ్‌లో వాళ్ల వెనక కాసేపు నిలబడితే చాలు, బోలెడు వినపడతాయి.

ఈ కోర్సులు నడిచేది 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లో. అందులో ప్రతి కోర్సుకీ నాలుగు భాగాలు: వీడియో పాఠం, చదువుకునే మెటీరియల్, తమని తాము పరీక్షించుకునే ప్రశ్నలు, చర్చించుకునే ఫోరం. మొదటి మూడూ గది తలుపేసుకుని ఒక్కరే కానిచ్చుకోవచ్చు. నాలుగోదానికి ఇంకో మనిషి కావాలి. చిక్కంతా అక్కడే. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివే వీలుంది కాబట్టి, ఇది ఎక్కడో కొద్దిమంది బాధ కాదు.

మార్కులు రావు కాబట్టి మాట్లాడరంటారు మా స్టాఫ్‌రూమ్‌లో. నిజమే, ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్లకి 25, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి 75. ఫోరంకి సున్నా. మరి మార్కులు పెడితే? అమెరికాలో ఆన్‌లైన్‌లో ఎమ్మెస్ చేస్తున్న మా చెల్లెలి కొడుక్కి వారానికి ఒక పోస్టు, ఇద్దరికి జవాబులు తప్పనిసరి. ‘చాలా బాగా చెప్పారు, నేనూ ఏకీభవిస్తున్నాను’ అని నాలుగు ముక్కలు గిలికేసి పడుకుంటానంటాడు. పెళ్లి భోజనాల దగ్గర ‘బాగున్నారా’ అని అడిగి జవాబు వినకుండా ముందుకెళ్లిపోయే పలకరింపులాంటిది అది.

అసలు సంగతి నాకు థర్డ్ ఇయర్ అమ్మాయి ఒకతె చెప్పింది. పైథాన్ కోర్సులో ‘ఏ’ అనే లిస్టుని ‘బి’కి ఇచ్చి, ‘బి’లో ఒక అంకె మారిస్తే ‘ఏ’లో కూడా మారిపోతోంది, ఎందుకని నన్నడిగింది. మంచి డౌటు. ఫోరంలో పెట్టమన్నాను. “పేరు కనిపిస్తుంది మేడమ్. దేశమంతా చూస్తారు. నా ఇంగ్లీషు చూసి నవ్వుతారు” అంది. అదే పిల్ల వాట్సాప్ గ్రూపులో రోజంతా మాట్లాడుతుంది! చివరికి రెండే లైన్లు రాసి, కోడ్ అతికించి పెట్టింది. ఎవరో ఊరూ పేరూ తెలియని కుర్రాడు, రెండు పేర్లూ ఒకే లిస్టుని చూపిస్తున్నాయని బొమ్మ గీసి మరీ వివరించాడు. దానికింద వరసగా ‘నాకూ ఇదే డౌటు’ అని.

ఈ బెరుకు ఐఐటీలోనూ ఉంది. పూజా శంకర్ ఐఐటీ కాన్పూర్‌లో చదివే రోజుల్లో క్లాసులో అమ్మాయిలు బాగా తక్కువ. తోటి అబ్బాయిలని డౌటు అడగడానికి బిడియపడి ఒంటరిగా కుస్తీ పట్టేవారు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా పియాజ్జా అనే వేదిక మొదలుపెట్టారు. అందులో తోటివాళ్లకి పేరు కనపడకుండా అడగొచ్చు. మన కోర్సుల్లోనూ ఆ సౌకర్యం పెడితే సగం నోళ్లు తెరుచుకుంటాయని నా నమ్మకం.

ఇక గడువులు, ఫార్మాట్ల గురించి వచ్చే ప్రశ్నలు యంత్రానికి వదిలేయొచ్చు. 2016లో జార్జియా టెక్‌లో ప్రొఫెసర్ అశోక్ గోయల్ అదే చేశారు. ఆయన ఆన్‌లైన్ కోర్సులో సుమారు 300 మంది విద్యార్థులు, సెమిస్టర్‌కి దాదాపు 10,000 పోస్టులు. వాటిలో మామూలు ప్రశ్నలకి జవాబిచ్చిన ‘జిల్ వాట్సన్’ కంప్యూటర్ ప్రోగ్రామని పిల్లలకి సెమిస్టర్ చివర్లో చెప్పేదాకా తెలీదు. యంత్రం అంత చేస్తుంది. కానీ ‘నాకూ ఇదే డౌటు’ అనడానికి తోటి విద్యార్థే కావాలి.

మెంటర్లకి నా మనవి: మొదటి వారంలో మీరే ఒక ప్రశ్న వేయండి. జవాబిచ్చినవాళ్లని పేరుపెట్టి పిలవండి, ఇంగ్లీషు దిద్దకండి. పిల్లలకి చెప్పేదొకటే. ఫోరంలో తప్పుగా అడిగినా మార్కులు తగ్గవు, సర్టిఫికెట్‌లో ఆ ఊసే ఉండదు.