ద్వీపయాత్రకు పడవ టికెట్లు



నేను ఖైరతాబాదు నివాసిని. ముప్పది యేండ్లు బాలురకు వ్యాకరణము చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టివానికి ద్వీపములతో నేమి పని యని మీరడుగవచ్చును. మా యింటికి చేరువనే హుసేను సాగరము కలదు. దాని నడుమ రాతిగుట్టపై బుద్ధవిగ్రహము నిలిచియున్నది. టికెట్టు కొని పడవ యెక్కినచో కొలది నిమిషములలో అచటికి పోయి, మరల రావచ్చును. ద్వీపయాత్ర యనగా నింతియే యని చాలకాలము తలచితిని. ఆ విగ్రహమును తరలించుచున్న బల్లకట్టు 1990 మార్చి 10వ తేదీన ఒరిగి, కొందరు ప్రాణములు కోల్పోయిరి. నీట మునిగిన విగ్రహము 1992 డిసెంబరు 1వ తేదీన గాని పీఠమెక్కలేదు. చెరువే యింత చేయగా సముద్రము మాట చెప్పవలెనా? ఆ పాఠము నాకు అండమాను దీవులలో తెలియవచ్చినది.

అండమాను మనకు పరాయి చోటు కాదు. 2011 జనగణన ప్రకారము అచటివారిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. విశాఖపట్టణమునుండి అచటికి ఓడ పోవును. ప్రయాణము సుమారు 56 గంటలు. ముఖ్యపట్టణమైన పోర్ట్ బ్లెయిరునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. హేవ్‌లాక్, నీల్ అను దీవులకు 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అను పేర్లు వచ్చినవి. పాత పేర్లును వాడుకలో నున్నవి గనుక టికెట్టు కొనువారు రెండును ఎఱిగియుండవలెను.

కొన్ని యేండ్ల క్రిందట మా మఱది పిలువగా మార్గశిర మాసమున నేనును నా భార్యయు పోయితిమి. మా తండ్రిగారి ఆబ్దికము ఆ మాసముననే వచ్చును. నలువది యేండ్లుగా ఒక్కమారును తప్పక నా చేతులతో జరిపితిని. తిథికి ముందునాడు ఇల్లు చేరునట్లు విమానమునకు టికెట్టు కొంటిని. విమానము మధ్యాహ్నము; నీల్ దీవినుండి పడవ ఉదయము. లెక్క సరిగానే యున్నదనుకొంటిని. ఆ లెక్కలో గాలిని మాత్రము చేర్చలేదు.

ఆ ఉదయము సముద్రము పొంగినది. పడవలు కదలవని రేవులో చెప్పిరి. మరునాడును అంతియే. విమానము మమ్ము విడిచి పోయెను. తిథి మాత్రము ఎవరికొఱకును ఆగదు గదా! ఖైరతాబాదులో మా తమ్ముడు కార్యము నడిపెను. నేను ఒక బెంగాలీ గృహస్థు ఇంట నువ్వులు అడిగి తెచ్చుకొని, సముద్రతీరమున నిలిచి తండ్రికి తిలోదకము విడిచితిని. ఆ గృహిణి కారణమైన అడుగక దోసెడు నువ్వులు పెట్టినది. ఇందు పడవవారి తప్పేమియు లేదు. ప్రాణములు కాపాడుటకే వారు పడవ నిలిపిరి. తప్పు నా లెక్కది.

ఆనాడు నేను నేర్చిన సూత్రము ఒక్కటి: ద్వీపయాత్రను వెనుకనుండి లెక్కింపవలెను. మొదట ఇల్లు చేరవలసిన దినము. దానికి ముందు విమానము. దానికి ముందు కనీసము ఒక పూర్తి దినము ముఖ్యపట్టణములో మకాము. ఆ దినమునకు ముందు చివరి పడవ. ఇట్లు నిర్ణయించిన పిదపనే వెళ్లు టికెట్లు కొనవలెను. దూరపు దీవిని ముందు చూచి, దగ్గరి దీవిని చివర చూడవలెను. తిరుగు ప్రయాణమునకు ఆనాటి కడపటి పడవను నమ్ముకొనరాదు. అది నిలిచినచో మఱియొకటి లేదు.

తక్కిన జాగ్రత్తలు చిన్నవి. అండమానులో ప్రభుత్వపు పడవలును, ప్రైవేటువారి వేగపు పడవలును గలవు. ప్రభుత్వపు పడవలలో రుసుము తక్కువ. కాని అవి ముందుగా ద్వీపవాసుల రాకపోకలకై ఏర్పడినవి. వైద్యమునకో పరీక్షకో పోవువారు వానినే నమ్ముకొనియుందురు. మనము అతిథులమని మఱవరాదు. పట్టణములో ఫీనిక్స్ బే, హడ్డో, అబర్డీన్ అని రేవులు వేఱువేఱుగా గలవు. ఏ రేవో టికెట్టుపై చదువుకొనవలెను. మన తెలుగువారికి ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరముగను, మఱొకచోట పూర్తిగను వ్రాయు అలవాటు గలదు. గుర్తింపు కార్డుపై నున్నట్లే టికెట్టుపైనను వ్రాయింపవలెను. పడవ నిలిచినచో దాని రుసుము తిరిగి వచ్చును గాని, దానివలన తప్పిపోయిన విమానపు సొమ్మును పడవవారు ఇయ్యరు.

ఇది అండమానునకే చెల్లు మాట కాదు. నేడు మన పిల్లలు గ్రీసు దేశమునకును పోవుచున్నారు. అచట పిరయస్ రేవునుండి సైక్లడీస్ దీవులకు ఓడలు పోవును. పవిత్రమైన డెలోస్ దీవిచుట్టు వలయముగా నుండుటచే వానికా పేరు వచ్చినది. ఆ గ్రీకు మాటయు మన చక్రశబ్దమును ఒక్క మూలమునుండి పుట్టినవి. జూలై, ఆగస్టు నెలలలో అచట మెల్టెమి యను ఉత్తరపు గాలి వీచును. గాలిబలమును కొలుచు బోఫర్టు మానములో 8 చేరినచో సాధారణముగా ఓడలను రేవు దాటనీయరు. ఒక సంస్థ ఓడ ఆలస్యమైనదని వేఱొక సంస్థ ఓడ ఆగదు. కావున ఒకేనాడు రెండు ఓడలు మాఱుట సాహసము.

2016 డిసెంబరులో వర్దా తుపానుగా మారిన వాయుగుండము వచ్చినపుడు హేవ్‌లాక్, నీల్ దీవులలో వేయిమందికి పైగా యాత్రికులు చిక్కుకొనిరి. నౌకాదళము వారిని చేర్చినది. వారందఱి చేతులలోను టికెట్లు ఉండియే యుండును. టికెట్టు మనకు పడవలో చోటు నిచ్చును గాని సముద్రముచేత మాట యిప్పింపజాలదు.

కావున శ్రోతలారా, ద్వీపములకు తప్పక పొండు, చూడుడు, ఆనందింపుడు. కాని ఇంట మీకొఱకు ఒక తిథియో, ఒక లగ్నమో, మంచమున నున్న పెద్దలో వేచియున్నచో, ఒక దినము సముద్రమునకు విడిచిపెట్టుడు. అది కోరకున్నచో ఆ దినము మీదే.

సెలవు.