జ్వరం ఇంజిన్‌కా... మీటరుకా?

నడిసంద్రంలో బోటు డ్రైవరుకు ఇంజిన్‌ నాడి చెప్పేది ఆర్పీఎం మీటరు. ఆ మీటరే తప్పు చెబితే? డీజిల్‌ దండగ. బాగున్న ఇంజిన్‌కు అక్కర్లేని ఆపరేషన్‌. అందుకే రోగం ఎవరిదో తేల్చుకున్నాకే పానా పట్టాలి!

ఏప్రిల్‌ 15 వచ్చిందంటే తూర్పు తీరంలో మరబోట్ల వేటకు సెలవు. జూన్‌ 14 దాకా... మొత్తం 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని విధించే ఈ నిషేధం బోట్లకు మాత్రం మరమ్మతుల కాలం. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం... ఏ హార్బరు చూసినా పక్కపక్కనే కట్టేసిన బోట్లు, సుత్తి దెబ్బల చప్పుళ్లు, గ్రీజు మరకల చేతులు. ఆ సందడిలో మెకానిక్కుల దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి.

'ఇంజిన్‌ లాగట్లేదండీ. నిరుడు 1800 చూపించేది. ఇప్పుడు ఎంత రేసు ఇచ్చినా 1500 దాటట్లేదు!'

వినగానే ఎవరికైనా అనుమానం ఇంజిన్‌ మీదికే పోతుంది. డీజిల్‌ పంపు విప్పుదామా, ఇంజెక్టర్లు మార్చుదామా, బోటును గట్టెక్కించి ప్రొపెల్లర్‌ చూద్దామా... అన్నీ జేబుకు చిల్లు పెట్టే పనులే. చేయి తిరిగిన మెకానిక్‌ మాత్రం ముందు వేరే ప్రశ్నలు అడుగుతాడు. 'పొగ నల్లగా వస్తోందా? ఇంజిన్‌ వేడెక్కుతోందా? జీపీఎస్‌లో బోటు వేగం తగ్గిందా?' మూడింటికీ 'లేదు' అనే జవాబొస్తే తప్పు ఇంజిన్‌ది కాకపోవచ్చు. 105 డిగ్రీల జ్వరం చూపిస్తున్నా పిల్లాడు గెంతులేస్తుంటే, అనుమానించాల్సింది థర్మామీటర్నే కదా!

ఆ లెక్క ఎక్కణ్నుంచి వస్తుంది?

ఆర్పీఎం అంటే ఇంజిన్‌ నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య. పాత పెట్రోలు ఇంజిన్లలో ఈ లెక్క సులువు. స్పార్క్‌ప్లగ్గులకు కరెంటు ఎన్నిసార్లు వెళ్లిందో చూస్తే చాలు. డీజిల్‌ ఇంజిన్‌లో స్పార్క్‌ప్లగ్గే ఉండదు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. అందుకని మీటరు వేరే దారి వెతుక్కోవాలి.

చాలా బోట్లలో ఆ దారి ఆల్టర్నేటర్‌. అదేనండీ, బ్యాటరీని చార్జ్‌ చేసే యంత్రం. దాని వెనక 'డబ్ల్యూ' అని గుర్తున్న టెర్మినల్‌ నుంచి మీటరుకు ఓ తీగ వెళుతుంది. ఆల్టర్నేటర్‌లో 12 అయస్కాంత ధ్రువాలుంటే, అది ఒక్కసారి తిరిగితే ఆ తీగలో 6 కరెంటు అలలు పుడతాయి. వాటిని లెక్కపెట్టి మీటరు ముల్లు కదులుతుంది.

అంటే... మీటరు చూస్తున్నది ఇంజిన్‌ను కాదు, ఆల్టర్నేటర్‌ను! ఆ రెంటినీ కలిపేది రెండు పుల్లీలు, ఒక రబ్బరు బెల్టు. చిక్కంతా అక్కడే.

ముల్లు తీరే చెబుతుంది

పై ఫిర్యాదునే తీసుకుందాం. రిపేరులో ఆల్టర్నేటర్‌కున్న 60 మిల్లీమీటర్ల పుల్లీ తీసి 72 మిల్లీమీటర్లది వేశారనుకోండి. ఆల్టర్నేటర్‌ వేగం ఆరో వంతు తగ్గిపోతుంది. ఇంజిన్‌ 1800 చుట్లు తిరుగుతున్నా మీటరు 1500 దగ్గరే ఆగుతుంది. అదే 12 ధ్రువాల ఆల్టర్నేటర్‌ స్థానంలో 16 ధ్రువాలది వస్తే కథ తిరగబడుతుంది. 1500 తిరిగే ఇంజిన్‌ను మీటరు 2000 అంటుంది. ఇలాంటప్పుడు ఇంజిన్‌ను ముట్టుకోనక్కర్లేదు. చాలా మీటర్ల వెనక ఉండే చిన్న స్క్రూనో, స్విచ్చునో సరిచేస్తే సరి.

తక్కువ రేసులో సరిగానే ఉండి, రేసు పెంచాక వెనకబడుతోందా? బెల్టు జారుతున్నట్టే. కీచుమనే శబ్దం, పుల్లీల చుట్టూ నల్లటి రబ్బరు పొడి అందుకు ఆనవాళ్లు. ముల్లు ఉలిక్కిపడినట్టు ఎగురుతోందా? ఉప్పుగాలికి తీగ చివర్లు చిలుము పట్టి ఉంటాయి, లేదా ఎర్తు వదులై ఉంటుంది. ముల్లు సున్నా మీదే ఉండి, చార్జింగ్‌ దీపం కూడా వెలుగుతోందా? ఇక్కడ మీటరు తప్పేం లేదు. ఆల్టర్నేటరో, దాని బెల్టో మొరాయించిందని ముందే హెచ్చరిస్తోందంతే. పట్టించుకోకపోతే బ్యాటరీ ఖాళీ అవుతుంది. దీపాలు, వైర్‌లెస్‌, జీపీఎస్‌ ఒక్కొక్కటీ ఆరిపోతాయి.

కొన్ని ఇంజిన్లలో ఆల్టర్నేటర్‌తో పని లేకుండా, ఫ్లైవీల్‌ పళ్లను లెక్కపెట్టే సెన్సర్‌ ఉంటుంది. పళ్లకూ దానికీ మధ్య సందు పెరిగినా, కొసకు ఇనప రజను అంటుకున్నా లెక్క తప్పుతుంది.

ట్యూబ్‌లైటు సాక్ష్యం

అనుమానం తీరాలంటే మీటరుతో సంబంధం లేని సాక్షి ఒకరు కావాలి. చేతిలో పట్టుకునే డిజిటల్‌ టాకోమీటర్‌ అలాంటిదే. ఇంజిన్‌ ఆపి, క్రాంక్‌ పుల్లీ మీద చిన్న మెరుపు టేపు ముక్క అంటించాలి. స్టార్ట్‌ చేశాక దూరం నుంచి దాని మీదికి కాంతి వేస్తే అసలు చుట్లు తెలిసిపోతాయి. మూడు నాలుగు వేగాల దగ్గర చూసి, మీటరు అంకెల పక్కన రాసుకోవాలి. తేడా అన్నిచోట్లా ఒకే నిష్పత్తిలో ఉంటే పుల్లీ లేదా సెట్టింగు, పైవేగంలోనే ఉంటే బెల్టు, చూసిన ప్రతిసారీ మారుతుంటే తీగ.

అది లేకపోతే పాత చోకు ట్యూబ్‌లైటూ సాక్ష్యం చెబుతుంది! గట్టు మీది కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి, ఆ లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. పుల్లీ మీద సుద్దతో ఒక్క గీత గీసి ఆ వెలుతురులో చూడాలి. ఇంజిన్‌ సరిగ్గా 1500 దగ్గర ఉంటే సెకనుకు 25 చుట్లు. అంటే మిణుకు మిణుక్కీ పావు చుట్టు. అందుకే ఒక్క గీతే నాలుగు గీతలై, కూడిక గుర్తులా కదలకుండా కనిపిస్తుంది. తిరిగే దిశలోనే మెల్లగా జరుగుతుంటే వేగం కాస్త ఎక్కువ, వెనక్కి జరిగితే తక్కువ. ఎల్‌ఈడీ లైట్లతో ఈ కిటుకు పనిచేయకపోవచ్చు.

అయితే ఒక్క ప్రమాదం. ఆ వెలుతురులో తిరుగుతున్న పుల్లీ ఆగినట్టే కనిపిస్తుంది! చేయిగానీ, లుంగీ కొసగానీ దగ్గరికి వెళ్లకూడదు. ఇంజిన్‌ నడుస్తుండగా బ్యాటరీ తీగలూ పీకకూడదు, ఆల్టర్నేటర్‌ లోపలి డయోడ్లు మాడిపోతాయి.

పదిశాతమేగా అనుకుంటే...

మీటరు 1500 అంటుంటే ఇంజిన్‌ నిజంగా 1650 తిరుగుతోందనుకోండి. పదిశాతమే కదా అనిపిస్తుంది. కానీ ప్రొపెల్లర్‌ను తిప్పడానికి కావాల్సిన శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది. పదిశాతం వేగానికి దాదాపు 33 శాతం అదనపు శక్తి కావాలి. గంటకు తాగే డీజిలూ ఇంచుమించు అదే దారి పడుతుంది. రోజుల తరబడి సాగే వేటలో ఆ నష్టం బోటు యజమానితో పాటు కళాసీల వాటాలకూ తగులుతుంది. మీటరు ఎక్కువ చూపిస్తే ఇంకో ముప్పు. పెద్ద ప్రొపెల్లర్‌ బరువుకు ఇంజిన్‌ నిజంగానే ఆయాసపడుతున్నా, అంకె చూసి అంతా బాగుందనుకుంటాం.

అందుకే వేట మొదలయ్యేలోపు ఒక్క పూట మీటరుకు కేటాయించాలి. వెంటనే సరిచేయడం కుదరకపోతే 'మీటరు 1500, అసలు 1650' అని రాసి, దాని పక్కనే అంటించినా చాలు. గట్టు మీద అరగంటలో తేలే అనుమానం... నడిసంద్రంలో ఇంజిన్‌ విప్పించేస్తుంది మరి!