గంట కొడితేనే జీతం

లక్కడ్‌కోట్ (రాజురా తాలూకా): ఇటు పోతే రాజురా, చంద్రపూర్. అటు పోతే వాంకిడి, ఆసిఫాబాద్. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. ఇక్కడి నుంచి రాజురా వైపు డిగ్రీ చదవడానికి వెళ్లే పిల్లలకు పాఠం చెప్పే సార్లు రెండు రకాలు. ఒకరు పర్మినెంటు. ఇంకొకరు 'తాసికా' వాళ్లు, అంటే గంట లెక్కన పనిచేసే వాళ్లన్న మాట. కాగితాల్లో సీహెచ్‌బీ అని రాస్తారు. పిల్లలకు ఈ తేడా పట్టదు, అందరూ సార్లే. తేడా తెలిసేది జీతం దగ్గరే.

లెక్క ఇదీ..

సాధారణ డిగ్రీ తరగతులకు గంట రేటును మహారాష్ట్ర ప్రభుత్వం 2021లో రూ.500 నుంచి రూ.625కు, 2023లో రూ.900కు పెంచింది. వినడానికి బాగానే ఉంది. వారానికి 9 తాసికలు దొరికాయనుకుందాం. నెలకు 36, అంటే రూ.32,400. ఇది క్లాసులు నడిచిన నెలల్లోనే. దీపావళి సెలవులు, పరీక్షలు, వేసవి పోగా ఏడాదికి 9 నెలలు చేతికందితే గొప్ప. దాన్ని 12 నెలలకు పరిస్తే నెలకు రూ.24,300. పర్మినెంటు అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఏడో వేతన సంఘం ప్రకారం మొదటి మూలవేతనమే రూ.57,700. డీఏ, ఇంటద్దె అదనం. తాసికా వాళ్లది సగం పనే కదా అంటారా? సరే, మూలవేతనంలో సగమే ఇచ్చినా రూ.28,850 రావాలి. అదీ రావడం లేదు.

పాఠం తయారు చేసుకునే టైముకు లెక్క లేదు. సందేహం అడగడానికి వరండాలో ఆపిన పిల్లాడికి చెప్పేదానికీ లెక్క లేదు. నెట్, సెట్ పాసైనా, పీహెచ్‌డీ చేసినా ఇదే గతి. యూజీసీ 2019లోనే గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చర్‌కు రూ.1,500, నెలకు గరిష్ఠంగా రూ.50 వేలు అని చెప్పింది. ఆ మాట ఇక్కడిదాకా రాలేదు.

అటూ అంతే

రాజురా ప్రాంతం 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాదే. రాష్ట్రాలు వేరయ్యాక యూనివర్సిటీలూ వేరయ్యాయి. అటు వాళ్లకు వరంగల్‌లోని కాకతీయ. ఇటు వాళ్లకు మొదట నాగ్‌పూర్, 2011 నుంచి గడ్చిరోలిలోని గోండ్వానా. జీతాల గోస మాత్రం సరిహద్దు దగ్గర ఆగలేదు. తెలంగాణలోని 12 యూనివర్సిటీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లు 2025 ఏప్రిల్‌లో ఆందోళనకు దిగారు. తమను క్రమబద్ధీకరించాలన్నది వాళ్ల డిమాండు. మహారాష్ట్రలో 2023 ఫిబ్రవరిలో బోధనేతర సిబ్బంది ఏడో వేతన సంఘం బకాయిల కోసం పరీక్షల పని బహిష్కరించి, తర్వాత సమ్మెకు దిగారు. గుమాస్తా, ప్యూను లేకుంటే హాల్‌టికెట్టు కూడా కదలదని అందరికీ అప్పుడే గుర్తొచ్చింది.

కోర్టు ఏమంది?

ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి రెగ్యులర్ స్కేలులోని కనీస వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016 అక్టోబర్‌లో పంజాబ్ కేసులో చెప్పింది. 2025 ఆగస్టు 22న గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో మరీ గట్టిగా మందలించింది. వాళ్లకు ఇచ్చేది నెలకు రూ.30 వేలు. పక్క గదిలో అదే పాఠం చెప్పే రెగ్యులర్ వాళ్లకు రూ.లక్ష పైమాటే. స్కేలు కనీస మొత్తం ఇవ్వాలని, పిటిషన్ వేయడానికి మూడేళ్ల ముందు నుంచి బకాయిలను 8 శాతం వడ్డీతో చెల్లించాలని ఆదేశించింది.

తాసికా వాళ్లకు ఇక్కడే చిక్కు. గుజరాత్ వాళ్లది నెల జీతం, పూర్తికాలం పని. వీళ్లది గంట కూలీ. ఆ తీర్పు పట్టుకుని వెళ్తే మీరు ఆ లెక్కలోకి రారని చెప్పేందుకు దారి ఉంది. గంటల లెక్క పెట్టిందే అందుకా అని అనుమానం వస్తే తప్పు పట్టలేం.

జూన్ వస్తే మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఇంటర్వ్యూ. పోయినేడు తాను చెప్పిన క్లాసుకే.