మూత్రపిండమునకు దొరకిన గడువు

దాత దేహమునుండి వెలికిదీసిన మూత్రపిండమునకు రక్తము నిలిచిపోయినను, అందలి కణములు కొంతసేపు జీవించియే యుండి, తమయందు మిగిలిన శక్తిని వెచ్చించుచు క్రమముగా క్షీణించును. ప్రతి కణమును సోడియమును వెలుపలికి తోడుచు, పొటాషియమును లోపల నిలుపుకొనుచుండును. ప్రాణవాయువు లేక శక్తి అడుగంటినపుడు ఆ తోడుట ఆగి, సోడియమును, దాని వెంట నీరును లోనికి చొరబడి, కణము ఉబ్బిపోవును. రక్తవర్గము సరిచూచి, స్వీకర్త రక్తము ఈ అవయవమును తిరస్కరించునో లేదో పరీక్షించి, డయాలిసిస్‌తో కాలము గడుపుచున్న ఆ రోగిని రప్పించుటకు గంటలు పట్టును. దుఃఖములో మునిగియున్న కుటుంబ మొసగిన దానము ఆ గంటలలో పాడుకాకుండ కాపాడుట వైద్యుని ధర్మము.

మూత్రపిండమును 4 డిగ్రీల సెంటీగ్రేడునకు చల్లార్చినచో దాని జీవక్రియ సుమారు పదవవంతునకు దిగును. అయితే చల్లదన మొక్కటియే చాలదు, ఏలయన సోడియమును తోడు ఏర్పాటు సైతము చలికి మందగించును. ఈ చిక్కును విడదీయుటకు కాలిఫోర్నియాలో రెండు నగరముల వైద్యులు రెండు త్రోవలు త్రొక్కిరి. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫోల్కర్ట్ బెల్జర్ అను శస్త్రవైద్యుడు చల్లని ప్లాస్మాను పంపుతో ఎడతెగక నడిపించి శునకముల మూత్రపిండములను 72 గంటలు నిలిపెను. ప్లాస్మాలోని కొవ్వు పదార్థములు సూక్ష్మనాళములను మూసివేయుచుండగా, దానిని ముందుగా గడ్డకట్టించి, కరగించి, వడకట్టి ఆ యాటంకమును తొలగించెను. రెండేండ్లకు లాస్‌ఏంజిలిస్‌లో జెఫ్రీ కాలిన్స్, ఆయన సహచరులు యంత్రము లేకయే, కణాంతర్ద్రవమువలె పొటాషియము హెచ్చుగను సోడియము తక్కువగను గల ద్రావణముతో అవయవమును కడిగి మంచులో నుంచి, శునకముల మూత్రపిండములను 30 గంటలు కాపాడిరి. లోపలను వెలుపలను ఒకే తీరు ద్రవమున్నపుడు లవణములు చోటు మారుటకు హేతువే తగ్గునను ఈ యూహ సరళత నన్ను నేటికిని ముగ్ధుని చేయును. ఖరీదైన యంత్రములకు నోచుకొనని ఆసుపత్రియు ఒక మంచుపెట్టెతో అవయవమును దూరమునకు పంపగలుగుట దాని చలువయే. పిమ్మట బెల్జరే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జేమ్స్ సదర్డ్‌తో కలిసి, కణములోనికి చొరలేని పెద్ద అణువులను చేర్చి కూర్చిన ద్రావణము దేశదేశములకు వ్యాపించెను.

పంపు పద్ధతి మరుగుపడలేదు. 2009లో ఐరోపా వైద్యులు ప్రకటించిన పరిశోధనలో, 336 మంది దాతలనుండి తీసిన జతలలో ఒక మూత్రపిండమును యంత్రమునకును, రెండవదానిని మంచునకును ఒప్పగింపగా, ఏడాదికి మొదటివానిలో 94 శాతమును, రెండవవానిలో 90 శాతమును నిలిచినవి. దాత ఒక్కరే యగుటచే ఈ పోలికకు నేను మిక్కిలి విలువ నిత్తును.

ఇక వారములకొలది నిలుపుట మాటయో, మామూలుగా గడ్డకట్టించినచో మంచు స్ఫటికములు కణజాలమును చీల్చివేయును. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల మూత్రపిండములను స్ఫటికములు పుట్టనీయక గాజువలె బిగియించి, 100 దినములవరకు దాచి, నాళములలో నింపిన ఐరన్ ఆక్సైడ్ సూక్ష్మరేణువులను అయస్కాంత క్షేత్రముచే వేడెక్కించి పునరుజ్జీవింపజేసిరి; అవి ఎలుకలలో తిరిగి పనిచేసినవని 2023లో ప్రకటించిరి. ఎన్నో రెట్లు పెద్దదైన మానవ మూత్రపిండమును అంత వేగముగను, అంతటను సమముగను వేడిచేయుట ఇంకను సాధింపవలసియున్నది.