లొట్టి నురగలో చిన్న కార్ఖానా



పొద్దున్నే తాటిచెట్టు మీద నుంచి దింపిన కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. లొట్టి మీద నురగ పొంగుతుంది. ఈ పని ఎవరు చేస్తున్నారు?

ఈస్ట్ అనే జీవులు. అవి కంటికి కనిపించవు. కల్లులోని చక్కెరను తిని గాలిని వదులుతాయి. అదే నురగ.

ఒక్కో ఈస్ట్ ఒకే ఒక కణం. మన ఒంట్లో లెక్కలేనన్ని కణాలు. అయినా కణం లోపల జరిగే పని చాలావరకు ఒకటే.

కణం బతకాలంటే మాంసకృత్తులు కావాలి. మనం తిన్న పప్పు, గుడ్డు కడుపులో అరిగి చిన్న చిన్న ముక్కలవుతాయి. ఆ ముక్కలను పూలదండ లాగా గుచ్చే మర ఒకటి కణంలో ఉంది. దాని పేరు రైబోజోమ్. కండకు, నెత్తురుకు కావలసిన మాంసకృత్తులు అక్కడే తయారవుతాయి.

మరి ఆ మరను ఎవరు తయారుచేస్తారు?

ఈస్ట్ రైబోజోమ్‌లో 79 రకాల మాంసకృత్తులు, 4 ఆర్.ఎన్.ఎ. పోగులు ఉంటాయి. వీటిని బిగించడానికి 200కు పైగా సహాయకులు కావాలి. బాగా పెరుగుతున్న ఈస్ట్ కణం నిమిషానికి సుమారు 2000 రైబోజోములు చేస్తుంది!

మేళ్లచెరువు సిమెంటుతో స్లాబు పోయడం మీరు చూసే ఉంటారు. ముందు కింద సెంట్రింగ్ చెక్కలు కొడతారు. అవి లేకుంటే స్లాబు నిలవదు. గట్టిపడ్డాక వాటిని విప్పకుంటే ఇంట్లో కాపురం చేయలేం.

కణంలోనూ అంతే. కొందరు సహాయకులు సెంట్రింగ్ చెక్కల లాగా రైబోజోమ్‌కు అంటుకుంటారు. పని కాగానే వాళ్లను ఊడదీయాలి. అందుకు వేరే యంత్రాలున్నాయి. ఒకదాని పేరు రియా-1. ఈస్ట్‌లో అన్నిటికంటే పెద్ద మాంసకృత్తు ఇదే. ఇది ఎ.టి.పి. అనే ఇంధనం ఖర్చుచేసి చెక్కను పట్టి లాగుతుంది. చెక్క ఊడకపోతే రైబోజోమ్ సగంలోనే ఆగిపోతుంది. ఇలాంటి యంత్రమే మన కణాల్లోనూ ఉంది.

ఇది తెలిస్తే మనకేం లాభం?

కొద్దిమంది పిల్లలకు రైబోజోమ్ భాగాల్లో ఒకటి పుట్టుకతోనే సరిగా ఉండదు. అప్పుడు ఎర్ర రక్తకణాలు చాలినన్ని తయారుకావు. బిడ్డ పాలిపోతుంది. దీన్ని డైమండ్-బ్లాక్‌ఫాన్ రక్తహీనత అంటారు. ఈ జబ్బుకూ రైబోజోమ్‌కూ ఉన్న సంబంధం 1999లో బయటపడింది. ఇది అరుదైన జబ్బు. దిష్టి వల్ల రాదు. గ్రహణం వల్ల రాదు. తల్లి తిన్న తిండి వల్ల రాదు. తల్లిని ఆడిపోసుకోవడం తప్పు.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే రక్తహీనత వేరు. అది ఇనుము తక్కువై వస్తుంది. ఆకుకూరలు, డాక్టరు ఇచ్చే ఐరన్ మందులు దానికి పనిచేస్తాయి. ఏ రకమో నెత్తురు పరీక్షలతోనే తెలుస్తుంది. బిడ్డ పాలిపోతే ఆలస్యం చేయకుండా దవాఖానకు తీసుకుపోండి.

ఆలోచించి చెప్పండి:
1. రైబోజోమ్ ఏం పని చేస్తుంది?
2. సెంట్రింగ్ చెక్క ఊడకపోతే ఏమవుతుంది?
3. బిడ్డ పాలిపోతే తల్లిని తిట్టాలా, దవాఖానకు పోవాలా?