మైకు కన్నా ముందు గది

ఇంట్లో అకూస్టిక్ గిటారు రికార్డు చేసుకోవాలనుకున్న వాళ్లు మొట్టమొదట అడిగేది ఏ మైకు కొనాలని. 5 వేల మైకా, 20 వేల మైకా, అప్పు చేసైనా లక్ష రూపాయల మైకా అని తర్జనభర్జన పడతారు. డబ్బు పెట్టబోయే ముందు తేల్చుకోవలసింది వేరే ఉంది. ఆ మైకు ఏ గదిలో, గిటారుకు ఎంత దూరంలో, ఎటు తిరిగి నిలబడబోతోంది? ఇది తేలితే కొనవలసిన మైకు దానంతటదే తేలుతుంది. ఇది తేలకుండా కొన్న ఖరీదైన మైకు గదిలోని లోపాలను మరింత శ్రద్ధగా రికార్డు చేసిపెడుతుంది, అంతే.

గది సంగతి ఎందుకంత ముఖ్యమో లెక్క చూస్తే అర్థమవుతుంది. మన ఊళ్లలో మామూలు పడగ్గది పదడుగులకు పదడుగులు, అంటే ఇంచుమించు 3 మీటర్లు. సిమెంటు గోడలు, పైన స్లాబు, కింద నున్నటి టైల్సు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 3 మీటర్ల ఎడంలో ఉన్న రెండు గోడల మధ్య అది అటూ ఇటూ కొట్టుకుంటూ 57 హెర్ట్జ్ దగ్గర, దానికి రెట్టింపు 114 హెర్ట్జ్ దగ్గర పోగుపడుతుంది. గిటారు లావు తీగ మోగేది 82 హెర్ట్జ్‌లో, దాని పక్కనున్న ఐదో తీగ 110లో. పెద్ద డొక్క ఉన్న గిటార్లలో లోపలి గాలి తనంతట తాను ఊగేది 100 హెర్ట్జ్‌కు అటూ ఇటూ. అంటే ఐదో తీగను ఖాళీగా మీటినప్పుడు గిటారు డొక్కా, గది గోడలూ రెండూ కలిసి ఆ ఒక్క స్వరాన్ని ఉబ్బిస్తాయి. గది నలుచదరంగా ఉంటే రెండు జతల గోడలూ అదే పని చేస్తాయి, కాబట్టి ఇబ్బంది రెట్టింపు. వాయించేవాళ్లకు ఇది తెలియకపోవచ్చు, మన చెవి గదికి అలవాటు పడిపోతుంది. రికార్డింగు విన్నప్పుడు మాత్రం ఒక స్వరం బుర్రుమని, పక్క స్వరం పీలగా వినిపించి, తప్పు మైకుదే అనిపిస్తుంది.

గది నడుమ నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు తెగాక కూడా సన్నగా రింగుమని ఏదో మిగిలితే, ఎదురెదురు గోడల మధ్య ప్రతిధ్వని ఆడుతోందని అర్థం. దానికి మందు మన ఇంట్లోనే ఉంటుంది. గోడకు నిలబెట్టిన పరుపు, తాడు మీద ఆరేసిన మందపాటి బొంతలు, తివాచీ, బట్టలతో నిండి తలుపులు తెరిచిన బీరువా, ఇవన్నీ పై స్వరాల ప్రతిధ్వనిని చక్కగా మింగేస్తాయి. కింది స్వరాలను మాత్రం బొంతలు ఆపలేవు. అక్కడ కుర్చీ జరపడమే ఉపాయం. గది సరిగ్గా నడిమధ్యన, మూలల్లో కూర్చోకుండా, ఒక గోడ నుంచి గది పొడవులో మూడో వంతు దూరంలో కూర్చుని మొదలుపెట్టి, అటూ ఇటూ జరుగుతూ వినాలి.

ఇప్పుడు మైకుల్లోకి వద్దాం. ఇంట్లో రికార్డు చేసేవాళ్లు ఎంచుకోవలసినవి ముఖ్యంగా రెండు రకాలు. డైనమిక్ మైకులో పలచటి పొరకు అతికించిన తీగచుట్ట అయస్కాంతం మధ్య కదులుతుంది. ఆ చుట్ట బరువు వల్ల పిక్ తీగను తాకిన క్షణంలో పుట్టే సన్నటి చురుకు కాస్త మొద్దుబారుతుంది. కండెన్సర్ మైకులో చుట్ట ఉండదు, మిల్లీమీటరులో కొన్ని వేలవ వంతుల మందం ఉన్న పొర మాత్రమే ఊగుతుంది. అందుకే గోరు తీగను వదిలిన చప్పుడు కూడా దానికి అందుతుంది. దీనికి బయటి నుంచి కరెంటు కావాలి. మైకును కంప్యూటరుకు కలిపే నేటి ఇంటర్‌ఫేసుల్లో దాదాపు అన్నిటి మీదా కనిపించే 48 వోల్టుల మీట 1966లో జర్మనీ సంస్థ నాయ్‌మన్ నార్వే రేడియో కోసం చేసిన కేఎం 84 మైకుతో వచ్చిన ఏర్పాటు. చిన్న పొర ఉన్న ఆ కోవ కండెన్సర్లే ఈనాటికీ గిటారుకు మొదటి ఎంపిక. పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని కూడా అవి పెద్దగా రంగు మార్చకుండా పట్టుకుంటాయి. గిటారు ఒకే చోట నుంచి మోగే వాద్యం కాదు కనుక ఈ గుణం బాగా అక్కరకొస్తుంది.

అయితే కండెన్సర్ అందరికీ మంచిదేనా? గది కాస్తయినా నెమ్మదిగా ఉండి, బొంతలు కట్టుకునే ఓపిక ఉంటే అవును. రోడ్డు పక్క ఇల్లు, పక్కింటి కుక్కరు కూతలు, ఆపలేని ఫ్యాను ఉన్నచోట డైనమిక్ మైకును గిటారుకు దగ్గరగా పెట్టడమే మేలు. అది మొద్దు చెవి కనుక గదిని పట్టించుకోదని కొందరంటారు, అది పొరపాటు. గిటారు స్థాయి సమం చేసి వింటే గది రెండిట్లోనూ ఉంటుంది. అసలు రక్షణ దగ్గరితనం. దూరం సగమైతే గిటారు నుంచి నేరుగా వచ్చే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది చప్పుడు ఉన్నచోటే ఉంటుంది. అంత దగ్గరగా పెట్టినా పిక్ చప్పుళ్లు పొడుచుకురాకుండా డైనమిక్ ఓర్చుకుంటుంది. దాని సిగ్నలు కండెన్సర్ కంటే పదిరెట్లు, అంతకుమించి కూడా బలహీనం కాబట్టి మునివేళ్లతో మెల్లగా వాయించే పాటకు మాత్రం సిగ్నలును పెంచే ప్రీఆంప్ బుస వినిపించవచ్చు.

మామూలు డైనమిక్ మైకుతోనూ పని జరుగుతుందనడానికి బలమైన సాక్ష్యం అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఆల్బమ్ ‘నెబ్రాస్కా’. 1982 జనవరిలో న్యూజెర్సీలోని ఇంట్లో, నాలుగు ట్రాకుల క్యాసెట్టు యంత్రం మీద, 2 షూర్ ఎస్ఎం 57 మైకులతో పాడి వాయించుకున్న నమూనా అది. ఎస్ఎం 57 అంటే 1965 నుంచి అమ్ముతున్న మామూలు డైనమిక్ మైకు. తర్వాత స్టూడియోలో బ్యాండుతో ఆ పాటలు మళ్లీ రికార్డు చేసి చూశారు, కుదరలేదు. చివరికి అదే ఏడాది సెప్టెంబరులో ఆ క్యాసెట్టునే ఆల్బమ్‌గా విడుదల చేశారు. ఆయన స్ప్రింగ్‌స్టీన్ కాబట్టి చెల్లిందని అనవచ్చు. నిజమే, పాటను మైకు ఇవ్వలేదు. కానీ ఈ వాదన నా మాటకే బలమిస్తుంది: ఆ పాటలను మామూలు మైకు అడ్డుకోలేకపోయింది.

మరి స్టూడియోలు లక్షలు పోసి మైకులు ఎందుకు కొంటాయి? అక్కడ గది ముందే సరిచేసి ఉంటుంది కనుక మైకుల మధ్య సన్నటి తేడాలు బయటపడతాయి. కొన్ని కండెన్సర్లు తమ సొంత బుస 4, 5 డెసిబెల్సేనని చెప్పుకుంటాయి. ఫ్యాను తిరుగుతున్న పడగ్గదిలో ఆ ఘనత ఎవరికి వినిపిస్తుంది? తర్వాత కంప్యూటర్లో శుభ్రం చేసుకోవచ్చని ఇంకొందరి ధీమా. ఏకధాటి ఫ్యాను హోరు కొంత తగ్గుతుంది, కానీ గది ప్రతిధ్వనిని తీయబోతే తీగ మీటాక మెల్లగా ఆరిపోయే నాదం కూడా దానితోపాటే చెరిగిపోతుంది. గిటారులో నాకు అన్నిటికన్నా ప్రియమైనది ఆ ఆరిపోయే నాదమే.

మైకు పెట్టే చోటు దగ్గర ఎంత సేపు గడిపినా వృథా కాదు. కొత్తవాళ్లు దాదాపు అందరూ గిటారు మధ్యలోని గుండ్రటి రంధ్రానికి ఎదురుగా పెడతారు, శబ్దం అక్కణ్నుంచే వస్తుందనుకుని. వచ్చేది ఎక్కువగా డొక్కలోని గాలి గుబగుబ. మైకును మెడ, డొక్క కలిసే చోటుకు దగ్గరగా, పన్నెండో ఫ్రెట్టుకు ఎదురుగా జానెడు దూరంలో పెట్టి, మూతిని కొద్దిగా రంధ్రం వైపు తిప్పితే తీగ మెరుపూ చెక్క నిండుతనమూ సమంగా కలుస్తాయి. మైకు మెడ పైకి జరిగితే వేళ్లు తీగల మీద జారే కీచు ఎక్కువవుతుంది, బ్రిడ్జి వైపు జరిగితే చెక్క గొంతు ముందుకొస్తుంది. ఎవరినైనా వాయించమని, ఒక చెవి మూసుకుని, రెండో చెవిని మైకు ఉండబోయే ఎత్తులో పెట్టి అంగుళం అంగుళం జరుపుతూ వినండి. నచ్చిన చోట మైకు పెట్టండి. రెండో మైకు సంగతి తర్వాత. రెండిటికీ శబ్దం వేర్వేరు క్షణాల్లో చేరి, కలిపినప్పుడు కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్కదానితో చేయి తిరిగాక అటు వెళ్లవచ్చు.

ఇక తీగలు. చెమటా మురికీ పట్టిన కంచు తీగల్లో పై స్వరాల మెరుపు చచ్చిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. పోయిన ఆ మెరుపును ఏ మైకూ తిరిగి తేలేదు. కొత్త తీగల సెట్టు కొన్ని వందల రూపాయలు. రికార్డింగుకు ఒకరోజు ముందు మార్చి, శ్రుతి జారడం ఆగేదాకా వాయించి, అప్పుడు ఫ్యాను ఆపి మైకు ముందు కూర్చోవాలి.